కదలని గీత: కంట్రోల్ లూపుల్లో దాక్కునే సాఫ్ట్‌వేర్ తప్పులు

అందరికీ నమస్కారం. పరిచయంలో నన్ను సాఫ్ట్‌వేర్ నిపుణుడన్నారు. అంత లేదండీ. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషిని, అంటే ప్లాంటులో కొలిచే, నియంత్రించే పరికరాలు చూసుకునేవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా కంట్రోల్ రూముల్లో, ప్యానెళ్ల వెనకాల గడిపాను. మేం చేసే పనిలోకి సాఫ్ట్‌వేరే నడిచి వచ్చింది కాబట్టి దాన్ని నేర్చుకోక తప్పలేదు.

నా భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. ప్రోగ్రాం ఆగిపోతే నాకు అంత బెంగ లేదు. ఆగితే స్క్రీన్ నల్లబడుతుంది, ప్రోగ్రాం నడుస్తోందా లేదా అని కాపలా కాసే వాచ్‌డాగ్ పట్టుకుంటుంది, వాల్వులు స్ప్రింగు బలంతో వాటి సురక్షిత స్థితికి వెళ్లిపోతాయి, ప్లాంటు ట్రిప్ అవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది. మేనేజరు అరుస్తాడు, అంతే. నాకు టెన్షన్ ఎప్పుడంటే, ప్రోగ్రాం చక్కగా నడుస్తూ ఉంటుంది, కానీ దాని చేతిలో ఉన్న అంకెకూ బయట ప్లాంటులో జరుగుతున్నదానికీ సంబంధం తెగిపోయి ఉంటుంది. అప్పుడు అది తప్పు చేస్తున్నట్టు దానికీ తెలియదు, మనకీ తెలియదు.

లూప్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ట్యాంకులో నీటి మట్టం సగం ఉండాలనుకోండి. ఎంత ఉందో ట్రాన్స్‌మిటర్ కొలుస్తుంది. కంట్రోలర్ ఆ కొలతను సెట్ పాయింటుతో, అంటే మనం కావాలన్న విలువతో పోల్చి, తేడా ఎంతో చూసి వాల్వును తెరుస్తుంది, మూస్తుంది. మళ్లీ కొలుస్తుంది. సెకనుకు ఒకసారో పదిసార్లో ఇదే తంతు, రాత్రీ పగలూ. ఒక పెద్ద ప్లాంటులో ఇలాంటి లూపులు వందల్లో ఉంటాయి. అన్నీ ఒకే నమ్మకం మీద నడుస్తాయి: కొలిచిన అంకె నిజం, పంపిన ఆదేశం అమలైంది. ఈ రెండిట్లో ఏది తప్పినా కథ మొదలవుతుంది.

నేను నేర్చుకున్న పాఠాల్లో పెద్దది ఒక సాయంత్రం షిఫ్టులో జరిగింది. ఆవిరితో వేడి చేసే వెసెల్, అంటే పెద్ద పాత్ర. సెట్ పాయింట్ 120 డిగ్రీలు. స్క్రీన్ మీద 117.6 చూపిస్తోంది. నేను పక్క టేబుల్ దగ్గర ఏదో రాసుకుంటున్నాను. అక్కడ ఒక సీనియర్ ఆపరేటర్ ఉండేవాడు, నా కంటే పదిహేనేళ్లు పెద్ద. కుర్చీలోంచి లేవకుండానే, "సార్, ఈ గీత చూడండి" అన్నాడు. ట్రెండు, అంటే కొలతను గీతగా చూపించే గ్రాఫు, చూశాను. 117.6. "బానే ఉందిగా అన్నా, ఇంకో రెండు డిగ్రీలు ఎక్కాలి" అన్నాను.

"అది కాదు సార్. ఈ గీత బతికున్న గీతలా లేదు."

అప్పుడు చూశాను. నిజమైన ఉష్ణోగ్రత ఎప్పుడూ నిలకడగా ఉండదు. 117.5, 117.7, 117.6 అంటూ సన్నగా వణుకుతూనే ఉంటుంది. పక్కన ఉన్న ఒత్తిడి గీత, ఫ్లో గీత అలాగే వణుకుతున్నాయి. ఇదొక్కటీ స్కేలు పెట్టి గీసినట్టుంది. దాని కింద వాల్వు గీత మాత్రం మెల్లగా పైకి పాకుతోంది. 38 శాతం, 41, 46. కంట్రోలర్ తన పని తాను చేస్తోంది. ఇంకా 2.4 డిగ్రీలు తక్కువుంది కదా అని ఆవిరి పెంచుతోంది. ఎంత పెంచినా అంకె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అక్కడే కూర్చుంది.

ఆయన వాకీటాకీ తీసి ఫీల్డులో ఉన్న కుర్రాణ్ని డయల్ గేజ్ చూడమన్నాడు. "నూట ముప్పై ఒకటి అన్నా" అని జవాబు. కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి ఆవిరి వాల్వు మూసేశాడు. నా చేతులు చల్లబడ్డాయి. ఆ వెసెల్‌కు 140 దగ్గర ట్రిప్ ఉంది. దానికి విడిగా థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్), విడిగా రిలే, నేరుగా వైరింగ్. అదొక్కటే మా అంకె మీద ఆధారపడనిది. హై టెంపరేచర్ అలారం మాత్రం అదే 117.6 చూసి ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. అలారానికి కూడా అంకె ఇచ్చేది అదే ప్రోగ్రాం కదా.

తర్వాత తవ్వితే బయటపడింది ఇది. ఆ ఉష్ణోగ్రతలు వేరే పెట్టెలోంచి సీరియల్ లింకు మీద వచ్చేవి. లింకు తెగింది. తెగితే చివరగా వచ్చిన అంకెను మెమరీలో అలాగే ఉంచాలని డ్రైవర్ ప్రోగ్రాంలో రాసి ఉంది. ఒక్క క్షణం లింకు పోయినా లూపు కుదుపుకు గురికాకూడదని ఆ ఏర్పాటు. దాంతోపాటు "ఈ అంకె చెల్లదు" అని ఒక గుర్తు కూడా పెడుతుంది. గుర్తు పెట్టింది కూడా. కానీ మధ్యలో రెండు థర్మోకపుళ్ల సగటు తీసే చిన్న లెక్క బ్లాకు ఉంది. దాంట్లోంచి అంకె మాత్రమే బయటికి వెళ్లింది, గుర్తు అక్కడే రాలిపోయింది. ఆ బ్లాకు రాసింది ఎవరో కాదు, నేనే. సగటు సరిగ్గా వస్తోందా అని పరీక్షించాను. వైరు తెగితే ఏమవుతుందో పరీక్షించలేదు.

తర్వాత హార్ట్‌బీట్ పెట్టాం. అవతలి పెట్టె సెకనుకు ఒకసారి ఒక కౌంటరును ఒకటి పెంచి పంపాలి. అయిదు సెకన్లు కౌంటరు కదలకపోతే అంకెలన్నీ చెల్లనట్టే. ఇందులో కూడా తిరకాసుంది. కౌంటరు పెంచేది కమ్యూనికేషన్ కార్డు, కొలత తీసేది ఇంకో టాస్కు అయితే, కొలత చచ్చిపోయినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కొలిచే టాస్కే కౌంటరు పెంచాలి. ఇంకో మాట. పాత ట్రెండులో గీత నున్నగా కనబడితే వెంటనే అనుమానపడకండి. డేటా దాచే హిస్టోరియన్ చిన్న చిన్న మార్పులు వదిలేసి నిలవ చేస్తుంది. అక్కడ నిజమైన గీత కూడా నున్నగానే ఉంటుంది. చూడాల్సింది అప్పటికప్పుడు వచ్చే లైవ్ అంకెను.

"ఉన్నది ఉన్నట్టు ఉంచు" అనే ఈ ఆలోచన పైకి చాలా మర్యాదస్తుడిలా కనిపిస్తుంది. రసాయన పరిశ్రమ భద్రత గురించి జీవితమంతా రాసిన ట్రెవర్ క్లెట్జ్ దీని మీద ఒక సంఘటన చెప్పేవారు. ఒక బ్యాచ్ రియాక్టర్, అంటే విడతలు విడతలుగా రసాయన చర్య జరిపే పాత్ర, కంప్యూటర్ చేతిలో ఉంది. ఏదైనా లోపం కనబడితే అన్ని వాల్వులనూ ఉన్నచోటే ఉంచి అలారం మోగించమని ప్రోగ్రాంకి చెప్పారు. ఒకరోజు గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గిందని సిగ్నల్ వచ్చింది. కంప్యూటర్ చెప్పినట్టే చేసింది, అన్నీ ఆపి అలారం మోగించింది. సరిగ్గా అప్పుడే రియాక్టర్‌లో క్యాటలిస్టు పడింది. కూలింగ్ నీళ్లు పెంచడం అప్పుడే మొదలైంది. ఆ నీళ్లు ఆ కొద్దిపాటి ధార దగ్గరే ఆగిపోయాయి. ఆపరేటర్లు పాపం గేర్‌బాక్సు వెంట పడ్డారు. ఆయిల్ సరిగ్గానే ఉంది, సిగ్నలే తప్పని తేల్చారు. ఈలోగా రియాక్టర్ వేడెక్కి, ఒత్తిడి మించితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, లోపలి సరుకంతా గాలిలోకి పోయింది.

ఇందులో కోడింగ్ తప్పు ఎక్కడుంది? లేదు. రాయమన్నదే రాశారు. ప్లాంటుకు ప్రమాదాల పరిశీలన కూడా చేశారు, కానీ అందులో కంప్యూటర్‌ను మూత వేసిన పెట్టెలా వదిలేశారు. కెమికల్ ఇంజినీరుకు "ఆపు" అంటే రియాక్షన్ ఆగడం. ప్రోగ్రామర్‌కు "ఆపు" అంటే వాల్వు కదలకపోవడం. ఒకే మాటకు రెండు అర్థాలు.

ఇది ఒక్కచోటి సంగతి కాదు. బ్రిటన్‌లో పని ప్రదేశాల భద్రత చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ 1990ల్లో కంట్రోల్ సిస్టమ్‌లకు సంబంధించిన 34 సంఘటనలను పరిశీలించింది. అసలు కారణం 44 శాతం సందర్భాల్లో స్పెసిఫికేషన్‌లోనే ఉంది. అంటే ఏం కావాలో రాసుకున్న కాగితంలోనే. డిజైన్, తయారీ దశలో జరిగిన తప్పులు 15 శాతం. ప్లాంటు నడవడం మొదలయ్యాక చేసిన మార్పుల వల్ల 20 శాతం. 34 చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ నా అనుభవం కూడా అదే దారిలో ఉంది.

అలాగని కోడ్ పవిత్రమేం కాదు. లెక్కల్లో దాక్కునే తప్పులు రెండు చూపిస్తాను. నాకు ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపిక పట్టండి.

మొదటిది వైండప్. కంట్రోలర్‌లో ఇంటిగ్రల్ అనే భాగం ఉంటుంది. తేడా ఉన్నంతసేపూ దాన్ని కూడబెడుతూ పోతుంది. వాల్వు 50 శాతం దగ్గర ఉంది, తేడా 10 శాతం, ఇంటిగ్రల్ టైం (ఎంత వేగంగా కూడబెట్టాలో చెప్పేది) 2 నిమిషాలు, గెయిన్ (తేడాను ఎన్ని రెట్లు చేయాలో చెప్పేది) 1 అనుకుందాం. ప్రతి 2 నిమిషాలకూ అవుట్‌పుట్ 10 శాతం పెరుగుతుంది. ఇప్పుడు ఎవరో పని కోసం లైన్లో చేతి వాల్వు మూశారు. కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు. పది నిమిషాల్లో 100కు చేరుతుంది. వాల్వు అంతకు మించి తెరుచుకోదు. కానీ లోపలి కూడిక ఆగకపోతే గంట తిరిగేసరికి అది 350 అయి కూర్చుంటుంది. పని అయిపోయి చేతి వాల్వు తెరిచారు. మట్టం పెరిగింది, సెట్ పాయింట్ దాటింది, 10 శాతం ఎక్కువైంది. ఇప్పుడు కంట్రోలర్ తగ్గించాలి. తగ్గిస్తోంది కూడా: 350, 340, 330... వాల్వు మాత్రం పూర్తిగా తెరిచే ఉంది, ఎందుకంటే కూడిక 100 కిందికి రావాలంటే ఇంకా 50 నిమిషాలు పడుతుంది. ఆ 50 నిమిషాలూ ట్యాంకు పొంగుతుంది. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. వాల్వు హద్దుకు చేరగానే కూడిక ఆపాలి. రెడీమేడ్ బ్లాకుల్లో ఇది ఉంటుంది. సొంతంగా పీఐడీ (ఇలాంటి కంట్రోలర్ లెక్క) రాసుకునే ఉత్సాహవంతులు దీన్నే మరిచిపోతారు. ఒక లూపు ఇంకో లూపుకు సెట్ పాయింట్ ఇచ్చే చోట, కింది లూపు హద్దుకు చేరిన సంగతి పై లూపుకు చెప్పడం ఇంకా ఎక్కువమంది మరిచిపోతారు.

రెండోది ఇంకా సూక్ష్మం. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచుకునే 32 బిట్ల ఫ్లోట్ సంఖ్య సుమారు ఏడు అంకెలను మాత్రమే పట్టుకుంటుంది. 50 అనే విలువ దగ్గర దానికి తెలిసిన పక్క సంఖ్య 50.0000038. మధ్యలో ఏమీ లేదు. ఇప్పుడు చాలా నెమ్మదైన లూపు, ఇంటిగ్రల్ టైం గంట. ఎవరో మేలు చేద్దామని స్కాన్ వేగం, అంటే లెక్క మళ్లీ మళ్లీ చేసే వ్యవధి, 10 మిల్లీసెకన్లు చేశారు. తేడా అర శాతం. ఒక్కో స్కానుకు కలపాల్సింది అర శాతం ఇంటూ 0.01 బై 3600. అంటే 0.0000014. ఇది ఆ మెట్టులో సగం కూడా లేదు. కలిపితే ఏమొస్తుంది? మళ్లీ 50. వచ్చే స్కానులో? 50. సంవత్సరం తర్వాత కూడా 50. ఆ అర శాతం తేడా ఎప్పటికీ పోదు. అదే స్కాన్ 100 మిల్లీసెకన్లు ఉంటే లూపు హాయిగా పనిచేసేది. వేగం పెంచితే లూపు చెడింది. ఎవరికి చెప్పినా మొదట నమ్మరు. (నవ్వులు)

ఇలాంటి గోరంత లెక్క ఒకచోట మనుషుల ప్రాణాలు తీసింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ, వస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. సెకనులో పదో వంతును బైనరీలో కచ్చితంగా రాయలేం, 24 బిట్ల దగ్గర తెగ్గొట్టారు. వంద గంటలు ఆపకుండా నడిపితే గడియారం 0.34 సెకను తప్పింది. అది ప్రాసెస్ ప్లాంటు కాదు, నిజమే. కానీ ఏళ్ల తరబడి రీస్టార్ట్ కాకుండా నడిచేవి మన కంట్రోలర్లే కదా.

ఇప్పుడు రెండో నమ్మకం దగ్గరికి వద్దాం. ఆదేశం పంపితే అమలైనట్టేనా? 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని అలాగే ఇరుక్కుంది. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వుకు పంపిన కరెంటును చూపించేది, వాల్వు స్థితిని కాదు. దీపం ఆరింది కాబట్టి వాల్వు మూసుకుందని నమ్మారు. రెండు గంటలకు పైగా రియాక్టర్ నీళ్లు పోతూనే ఉన్నాయి. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, వట్టి దీపం. ఇప్పుడు మన స్క్రీన్ల మీద ఆకుపచ్చ రంగులో మెరిసే వాల్వు బొమ్మల్లో ఎన్ని ఆ దీపానికి వారసులో మీరే చూసుకోండి.

1994 జూలైలో బ్రిటన్‌లోని మిల్ఫోర్డ్ హేవెన్ రిఫైనరీలో ఇదే తప్పు మళ్లీ కనబడింది. కంట్రోల్ సిస్టమ్ తెరిచి ఉందన్న వాల్వు నిజానికి మూసుకుపోయి ఉంది. ఆ పైన అలారాల వరద. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు పడ్డాయి. రెండున్నర సెకన్లకు ఒకటి. చదవడానికి కూడా చాలదు ఆ వ్యవధి. ప్రతి అలారాన్నీ విడిగా చూస్తే సరైనదే. అన్నీ కలిపితే పనికిరానివి. నా దృష్టిలో ఇది కూడా సాఫ్ట్‌వేర్ లోపమే, ఏ ఒక్క లైనులోనూ దొరకని లోపం.

దీనికి పూర్తి విరుద్ధమైనది నిశ్శబ్దం. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలో కరెంటు పోయి సుమారు 5 కోట్ల మంది చీకట్లో పడ్డారు. ఒహాయోలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారం ప్రోగ్రాం మధ్యాహ్నమే ఇరుక్కుపోయింది. రెండు ప్రక్రియలు ఒకే సమయంలో ఒకే డేటాను పట్టుకోబోయి చిక్కుపడ్డాయి. అలారాలు రావడం లేదు కాబట్టి అంతా ప్రశాంతంగా ఉందనుకున్నారు. బ్యాకప్ సర్వర్ పగ్గాలు అందుకుంది, అదే చిక్కును వారసత్వంగా తీసుకుని అది కూడా కూలింది. గంటకు పైగా గ్రిడ్ వాళ్ల కళ్లముందే దిగజారుతున్నా తెలియలేదు.

1999 జూన్ 10న అమెరికాలోని బెల్లింగ్‌హామ్‌లో పెట్రోలు పైప్‌లైన్ పగిలినప్పుడు ఇంకో సంగతి. ఆ పైపు అంతకుముందు తవ్వకాల్లో దెబ్బతిని ఉంది. ఆరోజు పైప్‌లైన్‌ను నడుపుతున్న లైవ్ స్కాడా (దూరం నుంచి చూస్తూ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) మీదే డేటాబేస్ పని చేస్తున్నారు. సరిగ్గా కావలసిన నిమిషాల్లో సిస్టమ్ మొద్దుబారింది, ఒత్తిడి తగ్గించే ఆదేశాలు ఇవ్వలేకపోయారు. పెట్రోలు వాగులోకి పారి అంటుకుంది. ఇద్దరు పదేళ్ల పిల్లలు, ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు చనిపోయారు. అందుకే "చిన్న మార్పే సార్, రెండు నిమిషాల్లో డౌన్‌లోడ్ చేసేస్తా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్రశ్నలకు టైం అయిందంటున్నారు. అడగండి. ఆ... వెనకాల ఉన్న అమ్మాయి.

"రెండు కంట్రోలర్లు పెట్టుకుంటే సరిపోదా?" అని అడుగుతున్నారు. హార్డ్‌వేర్ పాడైతే సరిపోతుందమ్మా. కార్డు కాలిపోతే రెండోది అందుకుంటుంది. కానీ రెండిట్లో ఒకే ప్రోగ్రాం ఉంటే ఒకే తప్పు రెండుసార్లు జరుగుతుంది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్‌లో జరిగింది అదే. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోతే పట్టలేదు. బ్యాకప్ కంప్యూటర్, అసలు కంప్యూటర్ రెండూ క్షణాల తేడాలో అదే చోట చేతులెత్తేశాయి. అందుకే ట్రిప్ వ్యవస్థను లూపు నుంచి విడదీయాలి. వేరే సెన్సర్, వేరే లాజిక్, వేరే వాల్వు. నా వెసెల్‌ను ఆ సాయంత్రం కాయడానికి మిగిలింది ఆ విడి థర్మోకపులే.

ఇంకొకరు... "పాత ప్లాంటులో ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేనైతే వైర్లు తీయించడంతో మొదలుపెడతాను. ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. సున్నా నుంచి కాకుండా 4 నుంచి ఎందుకు మొదలుపెట్టారంటే, వైరు తెగితే సున్నా వస్తుంది, ఖాళీ ట్యాంకుకు 4 వస్తుంది. తేడా తెలియాలని. కానీ స్కేలింగ్ రాసినవాడు "సున్నా కంటే తక్కువ వస్తే సున్నా అనుకో" అని ఒక లైను పెట్టేస్తాడు, స్క్రీన్ మీద మైనస్ అంకెలు బాగుండవని. దాంతో తెగిన వైరు ఖాళీ ట్యాంకు అయిపోతుంది, కంట్రోలర్ నీళ్లు వదులుతూ పోతుంది. ఇది కాగితం మీద దొరకదు, వైరు తీస్తేనే దొరుకుతుంది.

మేం ఒక షట్‌డౌన్‌లో ఇలాగే లూపు లూపుకూ వైరు తీసి స్క్రీన్ చూస్తూ పోయాం. ఫీల్డులో ఒక కుర్రాడు, స్క్రీన్ దగ్గర నేను. పదకొండో లూపు ఒక ఒత్తిడి ట్రాన్స్‌మిటర్. "తీశాను సార్" అన్నాడు. స్క్రీన్ మీద ఒత్తిడి కదల్లేదు. ఇంకో వైరు తీశావేమో చూడమన్నాను. ట్యాగ్ నంబరు చదివి వినిపించాడు, అదే. రెండు వైర్లూ తీసి చేతిలో పట్టుకున్నానన్నాడు. ఒత్తిడి నిక్షేపంలా 6.2 చూపిస్తోంది. బ్లాకు తెరిచి చూస్తే ఇన్‌పుట్ సిమ్యులేషన్ మోడ్‌లో ఉంది. ప్లాంటు కట్టిన రోజుల్లో ట్రాన్స్‌మిటర్ ఇంకా రాలేదని ఎవరో 6.2 టైపు చేసి, తర్వాత తీయడం మరిచిపోయారు. మార్పుల లాగ్‌లో తేదీ చూశాం. మొదటి స్టార్టప్‌కు రెండు వారాల ముందుది. అప్పటికి ప్లాంటు నడవడం మొదలై నాలుగేళ్లు.